లక్ష ఫ్యాన్ల గది

బ్రాకెట్ మాస్టారి గదిలో కుర్చీ ఒకటే. రెండో మనిషి వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలన్న సమస్య ఆయనకు లేదు. రెండో మనిషి రాడు. గ్లాసులు మాత్రం రెండున్నాయి. ఒకదానితో మంచినీళ్ళు తాగుతాడు, రెండోదాంట్లో చెంచాలు నిలబెడతాడు.

పెళ్ళెందుకు చేసుకోలేదని ఒకప్పుడు జనం అడిగేవారు. విస్తరించి చెప్పాలంటే రెండు పేజీలు పడుతుందనీ, కుదించి చెబితే బద్ధకమనీ ఆయన జవాబు. ఈమధ్య అడగడం కూడా మానేశారు కాబట్టి అంత చక్కటి జవాబు వాడకం లేక మూల పడింది.

విస్తరించడం, కుదించడం ఆయన వృత్తి. బస్టాండు వెనక వీధిలో, ఇనప పెట్టెలు చేసే దుకాణం పైన ఒక ట్యుటోరియల్ ఉంది. పరీక్ష తప్పినవాళ్ళు, తప్పబోయేవాళ్ళు అక్కడికి వస్తారు. కింద రేకుల మీద సుత్తి దెబ్బలు, పైన లెక్కలు. జీవితంలో సగానికి పైగా మాస్టారు ఆ సుత్తి దెబ్బల మీద గొంతెత్తి సంవర్గమానాలు చెప్పాడు. జనం నోట అవి లాగులు, లాగరిథమ్‌లు. పేరేదైనా అందరికీ వాటి మీద ఒకే రకమైన భయం.

నిజానికి ఆ శాస్త్రంలో భయపడాల్సిందేమీ లేదు. న్యాయాలు మూడే. లాగ్ పక్క బ్రాకెట్లో ఇద్దరు గుణకారంతో కలిసి ఉంటే వాళ్ళను విడదీసి, చెరొక లాగ్ ఇచ్చి, మధ్యన కూడిక గుర్తు పెట్టి పంపవచ్చు. భాగహారంతో ఉంటే మధ్యన తీసివేత పెట్టాలి. ఎవరి నెత్తినైనా ఘాతం ఎక్కి కూర్చుంటే దాన్ని మర్యాదగా దింపి లాగ్ ముందు నిలబెట్టాలి. ఇది విస్తరించడం. వచ్చిన దారినే వెనక్కి నడిస్తే కుదించడం. ముందు నిలబడ్డవాణ్ని మళ్ళీ నెత్తికెక్కించి, కూడికలను గుణకారాలు చేసి, అందరినీ ఒకే లాగ్ కిందికి తోలి తలుపు వేసెయ్యాలి.

నాలుగో న్యాయం లేదు. మాస్టారి జీవనోపాధి అంతా లేని ఆ నాలుగో న్యాయం మీదే నడిచింది. బ్రాకెట్లో ఇద్దరు కూడికతో కలిసి ఉంటే వాళ్ళను విడదీయడానికి ఏ దారీ లేదు. అయినా చెయ్యి ఊరుకోదు. గుణకారాన్ని విడదీసిన ఉత్సాహంలో కూడికను కూడా చీల్చేస్తుంది. తరాలు మారినా, పెన్నులు మారినా, ఈ తప్పు మాత్రం చెక్కుచెదరలేదు. దానికి విరుగుడుగా మాస్టారు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బ్రాకెట్ తెరిచే ముందు సుద్దముక్కతో బోర్డు మీద టక్ టక్‌మని రెండుసార్లు కొట్టి, "లోపల ఎవరు?" అనేవాడు. పిల్లలు చూసి గుణకారమనో కూడికనో చెప్పాలి. గుణకారమైతే తెరవడం. కూడికైతే, "వాళ్ళ జోలికి పోకు," అని దాటిపోవడం. బ్రాకెట్ మాస్టారన్న బిరుదు అలా వచ్చింది. అసలు పేరు జీతం పట్టీలో ఉంది.

పిల్లలిప్పుడు లెక్కలు ఫోన్లో చూసి నేర్చుకుంటున్నారు. ఫోనులోని మాస్టారు ఎంత విసిగించినా విసుక్కోడు, చెప్పిందే మళ్ళీ చెప్పమంటే చెబుతాడు. ఇలాంటివాడితో పోటీ కష్టం. బ్యాచులు పలచబడి పలచబడి, ఈ ఏడు సాయంత్రం బ్యాచులో ఒకే మనిషి మిగిలింది. ప్రిన్సిపాలు (ఆ ట్యుటోరియల్ యజమాని, కామర్సు లెక్చరరు, అటెండరు అన్నీ ఆయనే) ఈ బ్యాచి అయిపోయాక లెక్కల విభాగం మూసేద్దామని మాస్టారితో మర్యాదగానే చెప్పాడు. మాస్టారు బయటికి ఊఁ అన్నాడు. లోపల ఏమన్నాడో ఆయనకే తెలియదు.

మిగిలిన ఆ ఒక్క విద్యార్థినికి నలభై దాటాయి. చెవి పరీక్షలు చేసే క్లినిక్కులో ఆయా. రోగులను వరుసగా పిలవడం, చెవులకు పెట్టే హెడ్‌ఫోన్ డిప్పలు తుడవడం, శబ్దం చొరబడకుండా కట్టిన గాజు గదిని ఊడ్చి ఉంచడం ఆమె పని. అక్కడి టెక్నీషియను వయసు మీరి ఇంటికి వెళ్ళిపోతున్నాడు. ఈసారి సర్టిఫికెట్ పరీక్ష పాసైతే ఆ కుర్చీ నీదే, లేకపోతే మా బావమరిది ఖాళీగా ఉన్నాడు అని డాక్టరుగారు తేల్చి చెప్పారు. డాక్టరుగారి బావమరిది పుట్టినప్పటి నుంచీ ఖాళీగానే ఉన్నాడని ఆమె అభిప్రాయం. నిరుడు ఆమె అన్ని పేపర్లూ దాటుకొచ్చి లెక్కల్లో, లెక్కల్లోనూ లాగుల్లో, లాగుల్లోనూ కచ్చితంగా ఆ నాలుగో న్యాయం దగ్గర బోర్లా పడింది.

ఆమె గొంతు పెద్దది. రోజంతా వినబడనివాళ్ళతో మాట్లాడే ఉద్యోగం కాబట్టి ప్రతి మాటా విడదీసి, పెదవులు కదిలించి, ఎదుటివాడి మొహంలోకి చూస్తూ మాట్లాడుతుంది. మాస్టారికి ఆమె చెప్పేది ప్రతి అక్షరం వినబడేది. ఇందులో విశేషముందని ఆయన గ్రహించలేదు. ఈమధ్య వీధిలో గోల తగ్గిందని, జనం బాగుపడుతున్నారని, కింది దుకాణంవాళ్ళు కూడా మర్యాద నేర్చి మెల్లగా కొడుతున్నారని మాత్రం సంతోషించాడు. వారానికోసారి ఫోను చేసే ఆయన అక్క అభిప్రాయం వేరు. ఆమె అరగంట సేపు విస్తరించి చెప్పేదాన్ని తమ్ముడు ఊఁ అనే ఒక్క అక్షరంలోకి కుదిస్తాడు. ఒకసారి మీ బావ జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నారురా అంటే, "మంచిదేగా," అన్నాడు. ఆ దెబ్బకి అక్క రెండు వారాలు ఫోను చెయ్యలేదు. ఆ సంగతీ మాస్టారికి ఆలస్యంగా తెలిసింది.

కాబట్టి లోకంలో ఆయనకు పూర్తిగా వినబడే మనిషి ఒక్కతే. సాయంత్రం ఆమె మెట్లెక్కి వస్తుంది. చేతిసంచి బల్ల మీద పెడుతుంది. లెక్కల కంటే ముందు ఇంటి కబుర్లు చెబుతుంది. అత్తగారి మోకాళ్ళు, పెద్దదాని జడ, మొగుడి స్కూటరు. మాస్టారు అవేవీ తనకు పట్టనట్టు బోర్డు తుడుస్తూ ఉంటాడు. తుడిచిందే తుడుస్తాడు. తర్వాత ఆమె కూర్చుని అంకెలతో ఇచ్చిన లెక్కలన్నీ తప్పు లేకుండా చేస్తుంది. లాగ్ పదిహేనును లాగ్ ఐదు, లాగ్ మూడుల కూడికగా విడదీస్తుంది. ఐదూ మూడూ కూడితే ఎనిమిది, గుణిస్తే పదిహేను, రెండూ ఒకటి కావని ఒప్పుకుంటుంది. అక్షరాలిచ్చి, మధ్యన కూడిక పెట్టిన మరుక్షణం మాత్రం చెయ్యి దానంతటది బ్రాకెట్ చీల్చేస్తుంది. టక్ టక్ కొట్టినా చీల్చేస్తుంది.

ఒక సాయంత్రం ఆమె లెక్కలు మానేసి తన బాధ చెప్పుకుంది. క్లినిక్కులో అందరూ తనను వంద అని పిలుస్తారట. వంద, టీ పెట్టావా. వంద, నెక్స్ట్ పేషంటు. ఎందుకంటే, రోగులు కూర్చునే హాలులో మోత ఎంతుందో కొలిచి రాయమని డాక్టరుగారు చెప్పారు. ఒక ఫ్యాను వేసి చూస్తే మీటరు మీద యాభై వచ్చింది. రెండోది వేసేలోపు మీటరులో బ్యాటరీ అయిపోయింది. రెండో ఫ్యానూ అలాంటిదే కదా అని ఆమె తెలివిగా వంద అని రాసి సంతకం పెట్టింది. టెక్నీషియను అది చూసి, కుర్చీలోంచి లేవలేనంతగా నవ్వి, వచ్చిన రోగులకు కూడా చూపించాడు. చెవులు వినబడనివాళ్ళు సైతం నవ్వారట.

"యాభై, యాభై వంద కాదా మాస్టారూ? ఎందుకు నవ్వారో ఇప్పటికీ ఎవడూ చెప్పలేదు నాకు," అంది.

మాస్టారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఎందుకు నవ్వారో ఆయనకు తెలుసు. అంతే కాదు, ఇన్నాళ్ళూ తాను వెతుకుతున్న విరుగుడు ఇదేనని కూడా ఆ క్షణంలోనే తెలిసింది. మోత కొలిచే లెక్క లాగ్ లెక్క. రెండు ఫ్యాన్ల శబ్దం బ్రాకెట్ లోపల కూడుతుంది, బయట కాదు. ఆమె కాగితం మీద చేసే తప్పూ, హాలులో చేసిన తప్పూ ఒకటే తప్పు. పొడిచిన ముల్లును చూపిస్తే ఈ జన్మలో మళ్ళీ బ్రాకెట్ చీల్చదు.

చెప్పడానికి నోరు తెరిచాడు. ఈ ఒక్క మాటతో పాఠం అయిపోతుంది. పాఠం అయిపోతే బ్యాచి అయిపోతుంది. బ్యాచి అయిపోతే మెట్ల మీద చెప్పుల చప్పుడు ఉండదు. మాస్టారు వరుసగా మూడు మెట్లలో లెక్క తేల్చుకుని నోరు మూసుకున్నాడు.

"రేపు చూద్దాంలే అమ్మా," అన్నాడు.

ఆ రేపు నుంచి పాఠం విస్తరించడం మొదలైంది. జీవితమంతా నాలుగు వాక్యాలను ఒక వాక్యంగా కుదించిన మనిషి ఒక వాక్యాన్ని వారం రోజుల కథగా నడిపాడు. లాగు పట్టికలు ఎలా చూడాలో చెప్పాడు. పట్టికల్ని ఎవరూ చూడక్కర్లేని కాలంలో, అచ్చుతప్పులున్న పట్టికల్ని ఎలా అనుమానించాలో కూడా చెప్పాడు. సిలబసులో లేని, లాగ్ కింద రాసే ఆధారాల మార్పిడిని రెండు తడవలుగా చెప్పి, అర్థమైందంటే మూడో తడవ చెప్పాడు. ఆమె శ్రద్ధగా రాసుకునేది. ఆ శ్రద్ధ చూసినప్పుడల్లా మాస్టారు కిటికీవైపు తిరిగేవాడు.

ప్రిన్సిపాలు ఒకసారి గుమ్మంలో నిలబడి విని, పరీక్ష దగ్గరకొస్తుంటే ఇంకా లాగుల్లోనే ఉన్నారేమిటని అడిగాడు. పునాది గట్టిగా పడాలన్నాడు మాస్టారు. పునాది ఇలా తవ్వుకుంటూ పోతే కింద పెట్టెల దుకాణంలో తేలతారని ప్రిన్సిపాలు నవ్వుకుంటూ వెళ్ళాడు. మాస్టారికి సగమే వినబడింది. ఆ సగం చాలు.

పరీక్ష ముంగిట్లో మాదిరి పేపరు పెట్టక తప్పలేదు. ఆమె రాసింది. మాస్టారు దిద్దాడు. విస్తరించమన్నవి బాగా విస్తరించింది. ఘాతాలను దింపింది. కుదించమన్న చోట మరిచిపోకుండా వాటిని మళ్ళీ ఎక్కించింది. కూడిక బ్రాకెట్ వచ్చిన మూడు చోట్లా చీల్చేసింది.

ఆమె ఆ ఎర్ర గుర్తుల్ని చాలాసేపు చూసింది. పెద్ద గొంతు తగ్గించలేదు, అది ఆమెకు చేతకాదు. కానీ మొహంలోకి చూడకుండా మాట్లాడింది.

"ఈసారీ పోతుంది మాస్టారూ. ఆ బావమరిది కూర్చునే కుర్చీ నేనే తుడుస్తా. అది సరే. మీరు పెద్దవారు, మొహమాటపడకండి. దీని బుర్రకి ఎక్కదు అని చెప్పెయ్యండి, మానేస్తా. మీకూ కాస్త విశ్రాంతి."

విశ్రాంతి అన్న మాట మాస్టారికి గట్టిగా తగిలింది. ఆయనకు లోకంలో కొరత లేనిది అదొక్కటే. అంతకన్నా గట్టిగా తగిలింది బుర్ర మాట. బుర్రలో లోపం లేదని తెలిసిన మనిషి ఈ భూమ్మీద తానొక్కడే, ఆ ఒక్కడూ నోరు మూసుకుని కూర్చున్నాడు.

లేచి వెళ్ళి రెండో ఫ్యాను స్విచ్ వేశాడు. అప్పటిదాకా ఒకటే తిరుగుతోంది. రెండోది మూలిగి, దుమ్ము రాల్చి, అందుకుంది.

"మోత రెట్టింపైందా అమ్మా?" అన్నాడు. తన చెవికి తేడా తెలియలేదు, ఆమె చెవి మీద నమ్మకముంచాడు.

ఆమె తల వంచి విని, లేదనీ, కొద్దిగా పెరిగిందంతేననీ చెప్పింది.

మాస్టారు బోర్డు మీద లాగ్ రాసి, పెద్ద బ్రాకెట్ గీసి, లోపల ఫ్యాను, కూడిక, ఫ్యాను అని రాశాడు. టక్ టక్ కొట్టాడు.

"లోపల ఎవరు?"

"కూడిక," అంది. ఆమె చెయ్యి అలవాటుగా గాలిలో చీల్చబోయి ఆగింది.

"చీలిస్తే ఫ్యాను లాగ్, ఫ్యాను లాగ్. యాభై, యాభై. వంద. నువ్వు సంతకం పెట్టిన వంద ఇదే. చీల్చకుండా లోపలే కూడు. రెండు ఫ్యాన్లు. అంటే రెండు ఇంటూ ఫ్యాను. ఇప్పుడెవరు లోపల?"

"గుణకారం."

"తెరువు."

లాగ్ రెండు, కూడిక, లాగ్ ఫ్యాను అని ఆమే వచ్చి రాసింది. లాగ్ రెండు చాలా చిన్నదనీ, మీటరు లాగ్‌ను పదింతలు చేసి చూపిస్తుంది కాబట్టి అక్కడ దాని విలువ మూడేననీ, హాలులో రావాల్సింది యాభైమూడనీ మాస్టారు చెప్పాడు. ఆమె బోర్డునూ పైన ఫ్యాన్లనూ మార్చి మార్చి చూసింది. మరి వంద రావాలంటే ఎన్ని ఫ్యాన్లు తిరగాలని అడిగింది. మాస్టారు ఇంకా పెరగాల్సిన యాభైని పదితో భాగించి ఐదు చేసి, ఆ ఐదును పది నెత్తికెక్కించి కుదించాడు.

"లక్ష," అన్నాడు.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మాదిరి పేపరు మీద కళ్ళనీళ్ళు పడేదాకా నవ్వింది. ఆ హాలులో లక్ష ఫ్యాన్లు తిరుగుతుంటే డాక్టరుగారి విగ్గు ఏమైపోయేదో విస్తరించి చెప్పింది. కళ్ళు తుడుచుకుని, మూడు తప్పులూ తనంతట తాను దిద్దింది. తర్వాత ఇంకో అయిదింటిని మాస్టారు అడగకుండానే చేసింది. ఒక్క బ్రాకెట్ కూడా చీలలేదు. పాఠం అయిపోయింది.

సంచి సర్దుకుంటూ ఆగింది.

"ఇది ముందే చెప్పొచ్చుగా మాస్టారూ? ఆ రోజు ఫ్యాన్ల సంగతి చెప్పాను కదా."

మాస్టారు బోర్డు తుడుస్తున్నాడు.

"వినబడలేదు కాబోలు," అని ఆమే అంది. "మీకు వినికిడి తగ్గింది మాస్టారూ. ఎప్పట్నుంచో చెబుదామనుకుంటున్నా. మా దగ్గరికి ఒకసారి రండి."

తప్పించుకోవడానికి అంత విశాలమైన దారి ఎవరూ ఎవరికీ వేసిపెట్టరు. మాస్టారు ఆ దారిని చూశాడు. సుద్దముక్క గూట్లో పెట్టాడు.

"వినబడిందమ్మా. నువ్వు చెప్పేవన్నీ నాకు వినబడతాయి."

ఆమె సంచి అందుకుంది. మొహంలో కోపం ఉందో లేదో ఆయన చూడలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు కాసేపు వినబడి, తర్వాత వినబడలేదు. ఆగిపోయిందో, తన చెవే ఆగిపోయిందో తెలియలేదు.

ఆమె మళ్ళీ రాలేదు. పరీక్షకు ముందు చదువుకోవాలని ప్రిన్సిపాలుకు ఫోను చేసి చెప్పిందట. పాసైన సంగతి కూడా ప్రిన్సిపాలే చెప్పాడు. లెక్కల విభాగం మూతపడింది. ఆ గదిలో కుట్టు నేర్పడం మొదలుపెట్టారు. మాస్టారు తన గదిలో కూర్చునేవాడు. ఒకటికి ఏ ఆధారం మీద చూసినా లాగ్ సున్నాయేనని ఆయన ఎన్నో బ్యాచులకు చెప్పాడు. ఏ ఊళ్ళో ఉన్నా, ఏ గదిలో ఉన్నా ఒకటి ఒకటే కాబట్టి సున్నా సున్నాయే. పాఠం చెప్పేటప్పుడు ఇందులో బాధపడాల్సింది ఆయనకేమీ కనిపించేది కాదు. ఒకరోజు చెంచాలు తీసి రెండో గ్లాసు కడిగి బోర్లించాడు. మర్నాడు చెంచాలు పెట్టడానికి చోటు లేక మళ్ళీ అందులోనే నిలబెట్టాడు.

చివరికి అక్క అల్టిమేటం ఇచ్చింది. చెవి చూపించుకుంటావా, నన్ను బస్సెక్కి రమ్మంటావా అంది. ఆ వాక్యం మాత్రం చాలా గట్టిగా అన్నది కాబట్టి వినబడింది. అక్క వస్తే ఒకే కుర్చీ. మాస్టారు క్లినిక్కుకు బయల్దేరాడు. ఊళ్ళో అలాంటి క్లినిక్కులు వేరేవి కూడా ఉన్నాయి. ఈ సంగతి ఆయనకు తెలియదని చెప్పలేం.

టెక్నీషియను కుర్చీలో ఆమె ఉంది. తెల్లకోటు. ఆయన్ని చూసి లేచింది, లేచి ఏమనాలో తెలియక కాగితాలు సర్దింది. తర్వాత ప్రతి మాటా విడదీసి, మొహంలోకి చూస్తూ, గాజు గదిలోకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఇప్పుడిక్కడ తనను ఎవరూ వంద అనడం లేదనీ, అందరికీ లెక్క చేసి చూపించాక లక్ష అంటున్నారనీ చెప్పింది. జీతం కంటే పేరే ఎక్కువ పెరిగిందంది. బావమరిది ఇంకా ఖాళీగానే ఉన్నాడట. అలిగిందనడానికి గాని, క్షమించిందనడానికి గాని ఆ మాటల్లో ఆధారమేదీ లేదు.

చెవులకు డిప్పలు తగిలించే ముందు, రోజూ అందరికీ చెప్పే మాట ఆయనకూ చెప్పింది.

"శబ్దం వినబడగానే ఈ మీట నొక్కండి మాస్టారూ. ఎంత చిన్నదైనా సరే. మామూలు చెవికి వినబడే అతి చిన్న చప్పుడు ఉంటుంది, దాన్ని ఒకటి అనుకుంటాం. అందుకని దాని దగ్గర సున్నా అని రాస్తాం. సున్నా అంటే ఏమీ లేదని కాదు."

తలుపు మూసింది. అంత నిశ్శబ్దాన్ని మాస్టారు ఎప్పుడూ చూడలేదు. తన గదిలోది దీని ముందు బజారు. గాజు అవతల ఆమె తల వంచి మీటలు తిప్పుతోంది. చెవిలో సన్నగా ఈల మోగింది. నొక్కాడు. ఇంకా సన్నగా మోగింది. నొక్కాడు. ఇంకా సన్నగా. నొక్కాడు. తర్వాత ఏమీ లేదు. ఆమె తల ఇంకా వంచే ఉంది. తాను నొక్కకపోతే అక్కడితో సరి, ఆమె లేచి తలుపు తీస్తుంది, కాగితం చేతికిచ్చి పంపేస్తుంది. మాస్టారు ఏమీ లేనిదాన్ని కాసేపు విన్నాడు. నొక్కాడు. ఇంకాసేపాగి మళ్ళీ నొక్కాడు.

ఆమె తలెత్తి చూసింది. లేచి వచ్చి, గాజు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టింది. ఆ చప్పుడు ఆయనకు వినబడలేదు, కనబడింది. తలుపు తీసింది.

"నేనిప్పుడేమీ పెట్టలేదు మాస్టారూ."

"ఏదో వినబడినట్టనిపించింది."

ఆమె ఆయన్ని చూసింది. హాలులో పేషంట్లు వరుసగా కూర్చుని ఉన్నారు, పైన రెండు ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

"ఇలాగైతే మళ్ళీ మొదట్నుంచీ చెయ్యాలి."

"చెయ్యమ్మా."

"ఈసారి నెమ్మదిగా చేస్తా," అని, జారిన డిప్పను ఆయన చెవి మీద సరిచేసి, ఆమె తలుపు మూసింది.